ఎడమ చేతి నాడి

బస్సు తాళం తీసుకునే ముందు డ్రైవరమ్మ రోజూ తన ఎడమ మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి చూసుకుంటుంది. అక్కడ కొట్టుకునేది వాళ్ళమ్మ నాడి. పురిటి మంచం మీదే అది తల్లి చేతిలోంచి బిడ్డ చేతిలోకి మారిపోయింది. అమ్మకు జ్వరమొస్తే డాక్టరు అమ్మ నాలుక చూసి, కూతురి చెయ్యి పట్టుకుంటాడు. కుడి చేతిలోది మాత్రం కూతురి సొంతం.

"నిన్ను కని మీ అమ్మ సగమైపోయింది," అని పెద్దమ్మ చిన్నప్పటి నుంచీ సాధిస్తూనే ఉంది. అందుకే ఆమె ఎన్నడూ పరిగెత్తలేదు, మెట్లు గబగబా ఎక్కలేదు, పెళ్ళయ్యాక మొగుడితో గట్టిగా పోట్లాడనూ లేదు. ఈ చివరిదాని వల్ల ఆ మహానుభావుడు మాత్రం సుఖపడ్డాడు.

ఆ రోజు నిండు బస్సుతో వంతెన మీద వెళ్తుండగా ఎడమ చేతిలో నాడి తడబడింది. ఆగింది. మళ్ళీ ఒకసారి కొట్టుకుంది. ఆ తర్వాత ఏమీ లేదు.

వెనక అంతమంది జనం. పళ్ళు బిగించి వంతెన దాటించి, బస్సు పక్కకు తీసి ఆపింది.

"ఏమైందక్కా?" అన్నాడు కండక్టరు.

"అమ్మ ఆగిపోయింది."

అతను ఆమె చెయ్యి పట్టుకు చూసి తెల్లబోయాడు. "నువ్వెళ్ళక్కా. ఇక్కడి సంగతి నేను చూసుకుంటా."

బుద్ధెరిగాక మొదటిసారి పరిగెత్తింది. ఇంక ఎవరి కోసం దాచుకోవాలని! నన్ను కనకపోతే బతికేది, నన్ను కనకపోతే బతికేది అనుకుంటూ దారి పొడుగునా ఏడ్చింది.

ఇంట్లో కుట్టుమిషను చప్పుడు వినిపించింది. అమ్మ పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని చొక్కా కాలరు కుడుతోంది.

"డ్యూటీ ఎగ్గొట్టావా?"

కూతురు ఎడమ చెయ్యి చాపింది. అమ్మ పట్టుకు చూసి, సూదులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. కూతురి పొట్టకు చెవి ఆనించి చాలాసేపు విన్నది.

"చచ్చాననుకున్నావా, పిచ్చిమొహమా? ఇదిగో, ఇక్కడున్నాను, నీ కడుపులో బిడ్డ దగ్గర," అంది నవ్వుతూ. "నువ్వు కడుపున పడకముందే డాక్టరు నా గుండె ఏడాదికి మించి ఆడదన్నాడు. నీ చేతిలో పడ్డాను కాబట్టే ఇన్నాళ్ళు బతికాను. ఆ సంగతి మీ పెద్దమ్మకేం తెలుసు!"

కూతురికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అనవసరంగా అంత దూరం పరిగెత్తాను కదమ్మా!"

అమ్మ నవ్వు ఆగిపోయింది. "ఏదీ, కుడి చెయ్యి ఇలా ఇవ్వు."

అందులోనూ ఏమీ లేదు.

అమ్మ మిషను ముందున్న కుర్చీ మెల్లగా ఇటు లాగింది.

"కూర్చో తల్లీ, ఇంక పరుగులు వద్దు. ఇప్పుడు మనిద్దరినీ మోస్తున్నది ఆ బిడ్డే."