సులభమైన దారి

"ఈ దారి శానా సులభం మాధవీ, నువ్వు గూడా నడపొచ్చు" అన్నాడు మా ఆయన సాయిప్రసాద్, బండి పెనుకొండ దాటి అడవిలోని మట్టిదారి పట్టగానే. ఆ మాట కారు నాకు ఇవ్వడానికి కాదు, దారి ఎంత తేలికో చెప్పడానికి. నాకూ లైసెన్సు ఉంది. బండి కడిగేదీ, సీటు కవర్లు ఉతికేదీ నేనే. ఆదివారం షికారుకని పొద్దున్నే ఉగ్గాని కలిపి, బజ్జీలు వేయించి డబ్బాలకెత్తిందీ నేనే. స్టీరింగు దగ్గరికొచ్చేసరికి మాత్రం, "గీతలు పడతాయి" అంటాడు. హిందూపురంలో బయల్దేరేటప్పుడు మా అత్త కుళ్ళాయమ్మ, "ముందు సీట్లో కూచుని నిద్రపోగాకు, వానితో మాట్లాడతాండు" అని చెప్పి పంపింది. ఆయనకు నిద్ర రాకుండా మాట్లాడటం కూడా నా పనే.

ఎండిన వంక దగ్గర ఫొటో కోసం దిగి, ఆయన రాయి మీంచి జారాడు. ఎడమకాలి చీలమండ ఉబ్బింది. మళ్ళీ ఎక్కి క్లచ్ తొక్కబోయి కేక పెట్టాడు. ఫోనుకు సిగ్నల్ లేదు. నేను అటు వచ్చి తలుపు తీసి నిలబడ్డాను. నన్నూ దారినీ మార్చి మార్చి చూసి, కుంటుతూ పక్క సీట్లోకి మారాడు.

వంక ఇసుకలో బండి ఆగిపోయింది. "క్లచ్ అట్ల ఇడుస్తారా? ఎడమకు తిప్పు! బ్రేకు యాల తొక్కుతాండావు?" పక్క సీట్లోంచి ఆయన అరుపులు. కూరలో ఉప్పు ఎంతెయ్యాలో, ఆయన ఆఫీసు ఫంక్షన్లలో ఎవరితో ఎంత నవ్వాలో, ఇన్నేళ్ళూ నాకంటే ముందు ఆ గొంతే పరుగెత్తింది. ఇంజను ఆపేశాను.

"మీరు గమ్మునుంటే పోతా. లేదంటే ఈడనే కూచుందాం."

ఆయన తలుపు పిడి పట్టుకుని దారివైపు తిరిగాడు. మళ్ళీ స్టార్టు చేశాను. మెల్లగా క్లచ్ వదిలాను. బండి ఇసుక దాటింది, రాళ్ళ ఎత్తు ఎక్కింది. తుమ్మకొమ్మలు తలుపును గీరితే ఆయన ఉలిక్కిపడ్డాడు. నేను ఉలిక్కిపడలేదు. దారి నిజంగానే సులభం. అదే నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. ఇది నావల్ల కాదని వీళ్ళు నమ్మించారా, నేనే నమ్మి ఊరుకున్నానా?

సిగ్నల్ రాగానే పెనుకొండలో ఉండే స్నేహితుడికి ఫోన్ చేశాడు. "మంజునాథా, సర్కిల్ కాడికి రాప్పా. ఆడ్నుంచి నువ్వు నడుపుదువు. ఈమె నడుపుకుంటా వస్తే మా వీధిలో అందరూ చూస్తారు." కాలి నొప్పి కంటే ఆయనకు అదే ఎక్కువ.

సర్కిల్లో మంజునాథ్ చెయ్యెత్తి నిలబడ్డాడు. అద్దం దించి, "కాలు బెణికింది, ఆసుపత్రికి పోతాండాం" అని చెప్పి, ఆపకుండా ముందుకు పోనిచ్చాను.

హిందూపురం ఆసుపత్రిలో కట్టు కట్టించి, ఇంటి ముందు భుజమిచ్చి దించాను. వీధి చూసింది. ఆయన చెయ్యి చాపాడు.

"తాళాలియ్యి."

"రేపు నాకు బండితో పని ఉండాది."

"నీకేం పని?"

ఏం పనో నాకింకా తెలియదు. తాళాలు మాత్రం ఇవ్వలేదు.