ఎదుటి బల్ల

రూల్సుగారు కిటికీ రెక్క తోసి, అది గాలికి కొట్టుకోకుండా కింద అట్టముక్క దోపి, చేతిరుమాలుతో తన బల్ల మీది దుమ్ము తుడుచుకున్నాడు. చెయ్యి అలవాటుకొద్దీ ఎదుటి బల్ల అంచుదాకా వెళ్లి ఆగింది. అక్కడ గాజుగ్లాసులో పూలున్నాయి. నిన్న లేవు. ఆ బల్ల దగ్గర కూర్చునే ఆవిడ ఆస్పత్రిలో చేరి వారం కూడా కాలేదు, అప్పుడే ఖాళీ కుర్చీకి సైతం పూలు వచ్చేస్తున్నాయి.

"మనిషి అక్కడుంటే పూలు ఇక్కడెందుకో," అని గొణుక్కుని, ఆ బల్ల తుడవకుండానే వచ్చి కూర్చున్నాడు.

ఇనుపసామాన్ల దుకాణం పైన ఉన్న ఆ రెండు గదులకీ కళాకారుల సహాయ కేంద్రం అని పేరు. బొమ్మలు వేసేవాళ్లు, పాడేవాళ్లు, నాటకాలాడేవాళ్లు, చిన్నచిన్న మ్యూజియాలు నడుపుకునేవాళ్లు ఆ మెట్లెక్కి వస్తారు. ఏ ట్రస్టు ఎవరికి గ్రాంటు ఇస్తుందో, ఏ బ్యాంకు తక్కువ వడ్డీకి అప్పిస్తుందో వెతికి, వాళ్ల తరఫున దరఖాస్తు రాసి పంపడం అక్కడి పని. మేనేజరు ఎప్పుడో గానీ రాడు, చేసేది ఇద్దరే. ఇటు బల్ల దగ్గర ఈయన, అటు బల్ల దగ్గర ఆవిడ.

ఈయన అరవైకి దగ్గరపడ్డ మనిషి. సన్నగా, నిటారుగా ఉంటాడు. ఇస్త్రీ చొక్కాకి మెడదాకా గుండీలు పెట్టుకుంటాడు. కుడిచేతి మధ్యవేలి మీద పెన్ను ఒరుసుకుని కాయ కాసింది. ఎవరొచ్చినా మొదటి మాట, "రూల్సు ప్రకారం చూద్దాం." ఆ మాటే పేరైపోయింది. ఆవిడ వయసులో ఈయనకన్నా బాగా చిన్నది, ఉద్యోగంలోనూ ఈయన తరవాతే చేరింది. అయినా వచ్చినవాళ్లందరికీ ఆవిడ అక్క. తల ముగ్గుబుట్టయిన గాయకుడు కూడా అక్కా అనే పిలిచేవాడు. ఇన్నేళ్లలో ఈయనను అన్నా అని గానీ, బాబాయ్ అని గానీ, ఆఖరికి మామయ్యా అని గానీ ఒక్కరూ పిలిచిన పాపాన పోలేదు. చుట్టరికం కలుపుకోవడానికి కూడా మొహం పెట్టి పుట్టాలి కాబోలు అనుకునేవాడు. పిలిస్తే ఆవిడే పిలిచేది, "అన్నయ్యగారూ" అని. ఆ పిలుపులో వెటకారం ఏమైనా ఉందేమోనని ఈయన చెవులు రిక్కించి వినేవాడు. ఎన్నడూ దొరకలేదు. దొరకనందుకు మరింత ఒళ్లు మండేది.

అసలు మంట మాత్రం వేరే ఉంది. ఆవిడ హస్తవాసి అలాంటిది. ఆవిడ రాసి పంపిన దరఖాస్తు తిరిగిరావడం అరుదు. ఈయన రాసినవి పొల్లు పోకుండా, జతచేయవలసినవన్నీ వరస తప్పకుండా జతచేసి వెళ్లేవి, వెళ్లినంత మర్యాదగానూ తిరిగొచ్చేవి. ఆవిడ కలం పట్టేముందు వచ్చినవాళ్లని కూర్చోబెట్టి పిచ్చాపాటీ వేసుకునేది. చిన్నప్పుడు మీ అమ్మ మిమ్మల్ని ఏమని తిట్టేది, మొదటిసారి జనంలో పాడినప్పుడు కాళ్లు వణికాయా, ఇలాంటివి. ఫైళ్ల దొంతర ఇవతలనుంచి వింటూ, గ్రాంటుకీ తిట్లకీ సంబంధమేమిటని ఈయన పళ్లు నూరుకునేవాడు. తీరా ఆవిడ రాసింది చదివితే ఆ తిట్టే అందులో ప్రాణం పోసుకుని కూర్చునేది. ఇంటికెళ్లి కంచం ముందు కూర్చున్నాక కూడా అదే తలపుకొచ్చి ముద్ద దిగేది కాదు.

"ఆవిడ మీద పడి ఏడవడానికేనా మీకు జీతమిచ్చేది?" అని భార్య ఒకటి రెండుసార్లు అంది. ఈ ఉదయం మాత్రం, "ఒకసారి వెళ్లి చూసి రారాదూ, ఎంతైనా ఎదురెదురుగా కూర్చునేవాళ్లు," అంది.

"చిన్న ఆపరేషనేగా. నాలుగు రోజుల్లో తనే వచ్చేస్తుంది," అని ఈయన చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

ఎండ బల్ల మీదికి వచ్చే వేళకి మెట్ల మీద ఆయాసం వినిపించింది. బొమ్మల తాత. బస్సుల షెడ్డు వెనక రెండు గదుల్లో ఆటబొమ్మల మ్యూజియం నడుపుతాడు. చెక్కగుర్రాలు, తాళంచెవి తిప్పితే నడిచే రేకుబొమ్మలు, గుడ్డబొమ్మలు. కప్పు కారి గుడ్డబొమ్మలకు బూజు పడుతోంది. కప్పు బాగుచేసుకోవడానికి ఒక ట్రస్టు కొంత గ్రాంటుగా, కొంత వడ్డీ లేని అప్పుగా ఇస్తానంది. అడగడానికి ఆ సాయంత్రమే ఆఖరి గడువు.

తాత గుమ్మంలోనే నిలబడి ఖాళీ కుర్చీ వంక చూశాడు. "అక్క ఇవాళ కూడా రాలేదాండీ?"

"రాలేదు. కూర్చోండి, నేను చూస్తాను."

"పరవాలేదండీ. రేపొస్తాను."

"రేపొస్తే లాభం లేదు. ఇవాళే ఆఖరు."

పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చున్నట్టు తాత అంచు మీద కూర్చున్నాడు.

అద్దె పత్రం, మేస్త్రీ వేసిచ్చిన అంచనా, మిగతా కాగితాలు అన్నీ త్వరగానే కుదిరాయి. ఈ మ్యూజియం ఎందుకు ఉండాలి అన్న ప్రశ్నకు జవాబు ఒక్కటే మిగిలింది. రూల్సుగారు గొంతు సవరించుకుని అటూ ఇటూ చూశాడు. వినేవాళ్లెవరూ లేరు. తనూ ఆవిడ దారిలోనే వెళ్లి చూద్దామనిపించింది.

"చిన్నప్పుడు మీ అమ్మగారు మిమ్మల్ని ఏమని తిట్టేవారు?"

తాత బిత్తరపోయాడు. "ఎందుకండీ? ట్రస్టువాళ్లు అడిగారా?"

"వాళ్లు అడగలేదు. ఊరికే."

"మా అమ్మ మంచిదేనండీ," అన్నాడు తాత, ఎవరో నింద వేస్తే కాదని చెబుతున్నట్టు.

రూల్సుగారి చెవులు వేడెక్కాయి. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టయింది.

తాత జేబులోంచి ఫోన్ తీశాడు. "ఏమనుకోకండి, అక్కని ఒక్క మాట అడిగొస్తాను," అని వరండాలోకి వెళ్లాడు. మాటలు వినపడలేదు గానీ నవ్వు వినపడింది. ఇక్కడ బిగుసుకుపోయిన మనిషి అక్కడ గలగలా నవ్వుతున్నాడు. మంచం మీద పడుకుని కూడా ఆవిడదే పైచెయ్యి. కాసేపటికి తాత లోపలికొచ్చి ఫోన్ ఈయన చేతికిచ్చాడు.

"అన్నయ్యగారూ," అంది ఆవిడ. గొంతు నీరసంగా ఉంది. "తాతది సగం రాసిపెట్టానండీ. కంప్యూటర్లో ఉంది. మీరు సరిచూసి పంపించేయండి."

"మీరు చెప్పకపోయినా పంపేవాణ్ణే."

"అమ్మ తిట్లు అడిగారంటగా." నవ్వబోయి ఆగింది. "నవ్వకూడదు నేను. కుట్లు లాగుతున్నాయి."

"విశ్రాంతి తీసుకోండి," అని ఈయన ఫోన్ తాతకి ఇచ్చేశాడు. ఎలా ఉన్నారని అడగలేదని తరవాత తట్టింది. మళ్లీ ఫోన్ చేసి అడగడానికి మనసొప్పలేదు.

తాత వెళ్లాక తెరిచి చూశాడు. సగం కాదు, మొత్తం రాసే ఉంది. 'మా ఇంట్లో బొమ్మ కొనే స్తోమత లేదు. పక్కింటి పిల్లాడికి రేకు బస్సు ఉండేది. వాడు నిద్రపోయాక కిటికీలోంచి దాన్ని చూసేవాణ్ణి. మా మ్యూజియంలో ఏ బొమ్మనైనా ఏ పిల్లాడైనా దగ్గరికొచ్చి చూసుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. అందుకే ఈ రెండు గదులు ఉండాలి.'

రూల్సుగారు రెండుసార్లు చదివాడు. లోపల కలుక్కుమంది. కలుక్కుమన్నందుకు తన మీద తనకే కోపమొచ్చింది. తన ఎదుట నోరు మెదపని ముసలివాడు ఆవిడకి ఇదంతా ఎలా చెప్పుకున్నాడు? అన్నీ చెప్పించుకునే ఆ విద్య ఆవిడకెవరిచ్చారు, తనకెందుకివ్వలేదు?

కింద 'తయారుచేసినవారు' అన్న చోట ఖాళీగా ఉంది. న్యాయంగా అక్కడ ఆవిడ పేరుండాలి. ఈయన తన పేరు కొట్టాడు. చెరిపాడు. కిటికీలోంచి కాసేపు రోడ్డు వంక చూసి, మళ్లీ తన పేరే కొట్టి పంపించేశాడు. దొంగతనం ఇంత తేలికా అనిపించింది. ఎదుటి బల్ల మీద గ్లాసులో నీళ్లు అడుగంటాయి. చూశాడు గానీ పొయ్యలేదు.

సాయంత్రం తాళం వేస్తుండగా మేనేజరు ఫోన్ చేశాడు.

"అక్క పోయిందండీ," అన్నాడు. "మధ్యాహ్నం భోజనం చేసి పడుకుందట. ఉన్నట్టుండి ఊపిరాడలేదట. రేపు ఆఫీసు తీయకండి."

"అలాగేనండీ," అన్నాడు రూల్సుగారు. తాళం పడిందో లేదో లాగి చూసి మెట్లు దిగాడు. కింది దుకాణంలో ఎవరో మేకులు తూకం వేయించుకుంటున్నారు. ఆ తూకం అయ్యేదాకా ఎందుకో అక్కడే నిలబడ్డాడు.

"చూడ్డానికి వెళ్లారా?" అని ఇంట్లో భార్య అడిగింది. విషయం చెప్పాడు. ఆమె కంచం పెట్టి అన్నం వడ్డించింది. ఏదో ఒకటి అంటే బాగుండుననుకుంటూ చాలాసేపు కంచం ముందు కూర్చున్నాడు.

వానలకు ముందే గ్రాంటు వచ్చింది. బొమ్మల తాత పళ్లబుట్టతో మెట్లెక్కి, ఈసారి తిన్నగా ఈయన దగ్గరికే వచ్చాడు. "మీ హస్తవాసి మంచిదండీ," అన్నాడు.

ఇన్నేళ్లుగా ఆశపడ్డ మాట చెవినపడగానే పెన్నుకు మూత పెట్టి పక్కన పెట్టేశాడు.

"నేను రాసింది కాదది," అన్నాడు రూల్సుగారు చివరికి. "ఆవిడ రాసింది. నేను పేరు పెట్టుకున్నానంతే."

తాత తలూపాడు. "తెలుసండీ. ఆవేళ ఫోన్లో అక్కే చెప్పింది. కింద అన్నయ్యగారి పేరే పెట్టమను తాతా, అందుకే ఖాళీగా వదిలాను, నేను చెబితే ఒప్పుకోరు అంది. చెబుదామనుకున్నా గానీ మీ మొహం చూస్తే నోరు రాలేదు. మీరే పెట్టేశారుగా, మంచిదే."

పళ్లు బల్ల మీద పెట్టి తాత వెళ్లిపోయాడు. రూల్సుగారు ఆ బుట్ట వంక చూస్తూ ఉండిపోయాడు. కాజేశాననుకున్నది కూడా ఆవిడ ఇచ్చిందే. ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలని చూశాడు. ఇన్నాళ్లూ పిలవకుండా వచ్చే కోపం ఆ పూట పిలిచినా రాలేదు.

కొత్త మనిషి చేరే ముందురోజు మేనేజరు, "ఆ బల్ల దగ్గర వెలుతురు బాగుంటుంది, మీరు అటు మారండి," అన్నాడు. రూల్సుగారు తన ఫైళ్లు మోసుకెళ్లి సర్దుకుని, ఆవిడ కుర్చీని ముందుకు లాక్కుని కూర్చున్నాడు. బల్ల కింద పాదానికి ఏదో తగిలింది. వంగి చూశాడు.

పళ్లు వచ్చే చెక్కపెట్టె, బోర్లించి ఉంది. ఆవిడ పొట్టిదని తెలుసు గానీ, ఈ ఎత్తు కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకు అందవని ఈయనకు ఏనాడూ తట్టలేదు. ఫైళ్ల దొంతర మీదుగా ఆవిడ తలా భుజాలే చూశాడు ఇన్నేళ్లూ. పెట్టె అంచులు గుచ్చుకోకుండా పాత తువ్వాలు చుట్టి మేకులు కొట్టి ఉంది. మడమలు ఆనే రెండు చోట్లా గుడ్డ చిరిగిపోయి, కింది చెక్క అరిగి నున్నగా తేలింది.