పుత్తూరు కట్టు

మునిరత్నం నాలుగో కుర్చీ కూడా గుడ్డతో తుడిచి, మిగతా మూడింటికి ఎదురుగా వేశాడు. తిరుపతిలోని ఆ ఆసుపత్రిలో, కుటుంబాలను కూర్చోబెట్టి మాట్లాడించే గదికి పదేళ్ళుగా అతనే అటెండరు. కుర్చీ కాళ్ళకు సైకిలు ట్యూబు ముక్కలు కోసి తొడిగింది కూడా అతనే. కీచుమంటే ఏడ్చేవాళ్ళు ఉలిక్కిపడతారని అతని బెంగ.

తలుపు బయట స్టూలు మీద కూర్చుని ఎన్ని ఇళ్ళ గొడవలు విన్నాడో. మాటల్లేని అన్నదమ్ములు ఒకే ఆటో ఎక్కి పోవడం చూశాడు. బిడ్డల్ని కొట్టిన తండ్రుల మాట వస్తే మాత్రం మంచినీళ్ళ వంకతో లేచిపోయేవాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టే.

ఈరోజు పదకొండు గంటలకు వచ్చే కుటుంబం అతనిదే. కూతురు అమల చెయ్యి వంకరేమని చుట్టాలు అడిగితే, చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడిందని చెప్పాడతను. ఆనాటి నుంచి, మూడేళ్ళుగా, అమల అతనితో మాట్లాడదు. ఈ సాయంత్రం బస్సుకు బెంగుళూరులో ఉద్యోగానికి వెళ్ళిపోతుంది. భార్య వసంతమ్మ బతిమాలితే ఇద్దరూ రెండుసార్లు ఈ గదికి వచ్చారు. రెండుసార్లూ అతను గోడకానుకుని నిలబడే ఉన్నాడు.

"కూర్చోండి మునిరత్నం. కుర్చీ వేసింది మీరే కదా," అంది కౌన్సెలరు కోమలి మేడం.

కూర్చున్నాడు. అమల ముంజేయి ఎదురుగా కనబడింది.

"చెట్టు మీంచి పడలేదు మేడం. నేనే కొట్టినాను. పన్నెండేళ్ళ పిల్ల. లెక్కల్లో తప్పిందని పొయ్యికట్టె తీసుకొని... పుత్తూరులో విరిగిన ఎముకకు కట్టు కట్టేటాయనకు అబద్ధం చెప్పినాను. దాని చేతా చెప్పించినాను."

వసంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఊరందరికీ ఆమె కూడా చెట్టనే చెప్పింది.

అమల సంచిలోంచి జానెడు వెదురుబద్ద తీసింది. ఆనాటి కట్టులోది.

"ఈరోజు కూడా నువ్వు చెప్పకుంటే, దీన్ని మేడంకు చూపించి నేనే చెప్పేసి పోదామనుకున్నా నాయనా."

"ఇంకా నొప్పి ఉండాదా అమ్మా?"

"వానకాలం వస్తే ఉంటాది."

క్షమించానని ఆమె అనలేదు. అడిగే ముఖం అతనికీ లేదు. సాయంత్రం బస్టాండులో మాత్రం బ్యాగు అతని చేతికిచ్చింది. "పూతలపట్టు దాటినాక ఫోన్ చేస్తా," అని అతన్నే చూస్తూ చెప్పి, బస్సెక్కింది.

గదికి తాళం వేయాలని మునిరత్నం ఆసుపత్రికి తిరిగొచ్చాడు. మూడు కుర్చీలు ఒకదానిమీదొకటి పేర్చి, తను కూర్చున్న నాలుగోదాని దగ్గర ఆగిపోయాడు. అందులో వెదురుబద్ద ఉంది, నూనె మరకలతో, ఒక చివర చిన్నపిల్ల పళ్ళగాట్లతో.