ఎర్రదేదో చూపించు

పెనుకొండలో పొద్దున బండెక్కి ధర్మవరంలో దిగేసరికే ఎస్తేరమ్మకు రోజంతా పని చేసినంత అలుపు వచ్చేది. మిషను ఆస్పత్రిలో ఏళ్ల తరబడి నర్సుగా నిలబడి కాళ్ల నరాలు ఉబ్బిపోయాయి. ఆ ఆస్పత్రి మూతపడింది, ఆ మరుసటేడు భర్త పోయాడు. ఇక ఇంటిపట్టున ఉండి పొద్దుపుచ్చుదామనుకుంటుండగా, హిందూపురంలో కొత్తగా ఆఫీసు పెట్టిన హైమవతి లాబరేటరీస్ అనే మందుల కంపెనీ ఆమెను పిలిచి ఉద్యోగమిచ్చింది. అది పందొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం.

పని తేలికే. ధర్మవరం నేత వీధిలో కంపెనీ క్షయ రోగులకు ఉచిత ఆస్పత్రి తెరిచింది. వచ్చిన వాళ్లకు మాత్రలిచ్చి, తన ఎదుటే మింగించి పంపాలి. సర్కారు ఆస్పత్రిలో అయితే రోజూ సూది. పిరుదులు రాయిలా గట్టిపడి, మగ్గం గుంటలో కూర్చోలేక చాలామంది మధ్యలోనే మానేసేవాళ్లు. ఇక్కడ సూది లేదు, డబ్బు లేదు. వీధి వీధంతా ఇటే వచ్చింది.

డాక్టరు శేషగిరి మెత్తని మనిషి. చొక్కా ఎప్పుడూ నలగదు, గొంతు ఎప్పుడూ లేవదు. ఆయన బల్ల మీద ఒక పళ్లెంలో రంగురంగుల పట్టు దారపు ఉండలు ఉండేవి. రోగి ఛాతీ చూసి, నాలుక చూసి, చివరగా పళ్లెం ముందుకు జరిపేవాడు.

"ఎర్రదేదో చూపించు. ఆకుపచ్చది?"

నేతగాళ్లు నవ్వేవాళ్లు. "రంగులు మాకు నేర్పిస్తాండారా సార్!" అనేవాడు వాళ్లలో మారెప్ప. ఎస్తేరమ్మ కూడా నవ్వేది. భయపడే మనుషులను మాటల్లో పెట్టడానికి ఆయన నేర్చుకున్న ఉపాయం కాబోలు అనుకునేది.

మందు పనిచేసింది. అందుకే తరువాత జరిగింది అంత కష్టమైంది. మారెప్ప రక్తం కక్కుతూ వచ్చిన మనిషి. వేసవి దాటేసరికి దగ్గు తగ్గి, ఒళ్లు చేసి, మళ్లీ మగ్గమెక్కాడు. కొండంచు చీరల్లో అతని చేతికి సాటి లేదని వీధిలో పేరు.

ఒకనాటి మధ్యాహ్నం మారెప్ప భార్య గౌరి, కొంగు కింద ఏదో దాచుకుని ఆస్పత్రి వెనక గుమ్మం దగ్గరికి వచ్చింది. తీసి చూపించింది. కొత్త పట్టు చీర. ఎర్రటి అంచు నడుమ ఉన్నట్టుండి జానెడు మేర ఆకుపచ్చ, మళ్లీ ఎరుపు.

"సావుకారు మొకాన కొట్టి పంపినాడు నర్సమ్మా. తాగి నేసినావా అన్నాడు. ఆయప్ప కల్లు ముట్టి ఎన్నేండ్లాయనో నీకు తెల్దా!"

"మరి మారెప్ప ఏమంటాండాడు?"

"ఏమీ అనల్యా. చీర ముందరేసుకొని కూసోనుండాడు. నాకంతా ఒగటే మాదిరి కనపడతాండాది గౌరీ, బూడిద మాదిరి, అన్నాడు." గౌరి కళ్లు తుడుచుకుంది. "రంగు పోయినాక నేతగానికి ఇంకేముండాది చెప్పు?"

ఎస్తేరమ్మ చీర మడిచి ఆమె చేతిలో పెట్టింది. లోపలికి పోయి కూర్చుంది. మిగిలిన రోగులను ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడిగింది. పెద్దాయన ఈశ్వరప్పకు సంధ్య మసకలా ఉందట. మడకశిర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ముత్యాలప్పకు దారం కొసలు అతకడం కష్టంగా ఉందట. ఎవరికి వాళ్లు వయసు అనుకున్నారు, బలహీనత అనుకున్నారు, దీపం వెలుగు చాలలేదనుకున్నారు. పని పోతుందని పక్క మగ్గం మనిషికి కూడా చెప్పుకోలేదు.

డాక్టరుకు చెప్పాలని లేచింది. తలుపు దాకా వెళ్లి ఆగిపోయింది. లోపల ఆయన ఎవరో ముసలామె ముందుకు పళ్లెం జరుపుతున్నాడు. "ఎర్రదేదో చూపించు." ఆమె వేలు ఆకుపచ్చ ఉండ మీద ఆగింది. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు. తల ఊపి, "మంచిది, మాత్రలు వాడుతూ ఉండు" అన్నాడు.

ఎస్తేరమ్మ ఆ పళ్లెం వైపే చూసింది. ఈ పళ్లెం మొదటి రోజు నుంచీ ఇక్కడే ఉంది. ఒక్కరికి కూడా చూపు చెడకముందే ఈ ప్రశ్న మొదలైంది. అంటే ఇది జరుగుతుందని వీళ్లకు ముందే తెలుసు. జరిగేదాకా కాచుకుని కూర్చున్నారు.

ముసలామె వెళ్లాక, ఇదంతా మీకు ముందే తెలుసా అని డాక్టరును అడిగింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"క్షయతో చచ్చేవాళ్లు కదమ్మా. బతికారు. ఎంత మోతాదుకు చూపు పోతుందో, ఎంతకు పోదో తెలిస్తే రేపు లక్షల మందికి మేలు."

"ఆ మాట వీళ్లకు చెప్పినారా సార్?"

"చెబితే మింగుతారా?"

మర్నాడు ఆమె హిందూపురం వెళ్లింది. కంపెనీ మేనేజరు నరహరి కాఫీ తెప్పించాడు. అంతా విన్నాడు. బెంగుళూరు ఆఫీసులో కూర్చుని చేసే ఉద్యోగముంది, జీతం ఎక్కువ, కాళ్లకు విశ్రాంతి అన్నాడు. ఆ విశ్రాంతి అనే మాట వినగానే ఆమెకు నిజంగా ఆశ పుట్టింది. ఆ ఆశ తనకే రోత పుట్టించింది. వద్దని లేచేసరికి ఆయన గొంతు మారింది.

"కంపెనీ మాత్రలు బయట అమ్ముకుంటున్న నర్సు మాట ఎవరు నమ్ముతారు, ఎస్తేరమ్మా?"

ఆమె ధర్మవరం చేరే లోపలే ఆ నింద నేత వీధికి చేరింది. ఆస్పత్రి గుమ్మంలో ఆమెను ఆపేశారు. అంతకన్నా బాధ పెట్టింది వీధి. ఇల్లిల్లూ తిరిగి మాత్రలు మానమంటే తలుపులు వేసుకున్నారు. ఈశ్వరప్ప అరుగు మీద నుంచే గదమాయించాడు.

"దగ్గు తగ్గిండాది. నువ్వొచ్చి మానమంటావు. మళ్లీ రక్తం కక్కితే నువ్వొస్తావా?"

తప్పేముంది ఆయన మాటలో? మాత్ర మానితే ఊపిరి పోవచ్చు, వాడితే చూపు పోతుంది. అందుకే ఆమె పోయి సర్కారు ఆస్పత్రిలో డాక్టరును కలిసి, వచ్చిన వాళ్లందరికీ సూది మందు దొరికేలా మాట తీసుకుంది. మళ్లీ ఇల్లిల్లూ తిరిగింది. సూదులు తానే వేస్తానంది. గౌరి కూడా ఆమె వెంట నడిచింది. రంగు తప్పిన ఆ చీరనే ప్రతి ఇంట్లోనూ పరిచి చూపించింది. "మీ ఇంట్లో ఎవరికైనా ఈడ రెండు రంగులు కనపడ్లేదంటే, మాతో రాండి" అంది.

కొందరే వచ్చారు. వాళ్లను వెంటబెట్టుకుని ఎస్తేరమ్మ పెనుకొండలో సబ్ కలెక్టరు కచేరీకి వెళ్లింది. ఆయన కుర్రవాడు, ఓపిగ్గా విన్నాడు. కంపెనీ వాళ్లను పిలిపించాడు. విచారణ రోజున నరహరి, శేషగిరి ఇస్త్రీ బట్టల్లో కారు దిగారు. నేతగాళ్లు డబ్బుకోసం నటిస్తున్నారని నరహరి వాదించాడు. చూపు మందగించడం ఆ వృత్తిలో మామూలేనన్నాడు.

మారెప్పకు కోపం వచ్చింది. "నా పనితనం నేనే చెడగొట్టుకుంటానా దొరా? నా మొకం చూడు" అని గట్టిగా అనబోయి దగ్గు అడ్డం వచ్చి కూలబడ్డాడు.

ఎస్తేరమ్మ లేచింది. అలిసిపోయి ఉంది. ఒక్క ప్రశ్న మాత్రం అడిగింది.

"సార్, క్షయ రోగం ఊపిరితిత్తులది. మొదటి రోజు నుంచి ఈ డాక్టరుగారు వీళ్లను రంగులెందుకడిగినాడో కనుక్కోండి."

సబ్ కలెక్టరు శేషగిరి వైపు తిరిగాడు. నరహరి ఏదో అందుకోబోతే చేయెత్తి ఆపాడు. శేషగిరి నోరు తెరిచాడు, మళ్లీ మూశాడు. ఎదురుగా మారెప్ప కూర్చుని ఉన్నాడు. ఆ మనిషి ముఖం వైపు డాక్టరు చూడలేకపోయాడు. ఆ మౌనమే సబ్ కలెక్టరుకు చాలింది. ఆ సాయంత్రమే ఆస్పత్రికి తాళం పడింది.

అంతవరకే. కేసు పైకి పోయింది, రాజధాని అన్నారు, ఢిల్లీ అన్నారు, ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. ప్రజాసేవ ముగిసినందున కేంద్రాన్ని మూసేశామని కంపెనీ పత్రికలో వేయించుకుంది. నరహరికి ఏమీ కాలేదు.

మాత్రలు మానిన కొన్ని నెలలకు చాలామందికి రంగులు మెల్లగా తిరిగొచ్చాయి. ముత్యాలప్ప ఒక ఉదయం వీధిలోకి పరుగెత్తుకొచ్చి, ఎదురింటి గుమ్మానికి కట్టిన మామిడాకులు పచ్చగా ఉన్నాయని కేకలు పెట్టాడు. అందరికన్నా ముందు చేరి, అందరికన్నా ఎక్కువ కాలం మింగిన మారెప్పకు రాలేదు. గౌరి మగ్గం పక్కన కూర్చుని రంగు చెప్పి, దారం చుట్టిన కండె అందిస్తుంది, అతను నేస్తాడు. పాత వేగం లేదు. సూది వేయడానికి వెళ్లిన ఎస్తేరమ్మను అతను ఎప్పుడూ ఒక్కటే అడిగేవాడు. "వస్తాదంటావా నర్సమ్మా?" తెలియదని చెప్పడం ఆమెకు రోజూ కొత్తగానే ఉండేది.

మరుసటేడు ఎండాకాలంలో, మడకశిరలో ఎవరో ఉచితంగా దగ్గు మాత్రలిస్తున్నారని ముత్యాలప్ప బంధువులు చెప్పారు. కంపెనీ పేరు వేరు. ఎస్తేరమ్మ బస్సెక్కింది. సంతబయలు దగ్గర అద్దె ఇల్లు, బయట కన్నడం మాట్లాడుకుంటూ జనం. కిటికీలోంచి చూసింది. శేషగిరి. బల్ల మీద పళ్లెం.

ఆయన ఆమెను గుర్తుపట్టి బయటికొచ్చాడు. మనిషి చిక్కిపోయాడు.

"ఇక్కడా ఆపుతావు. కంపెనీ వాళ్లు ఇంకో ఊరికి పోతారు. ఎన్ని ఊళ్లు తిరుగుతావమ్మా?"

"తెల్దు సార్. మీరు తిరిగినన్ని" అంది.

ఆయన లోపలికి వెళ్లాడు. తలుపు మాత్రం వేయలేదు. ఎస్తేరమ్మ వరుసలో చివర నిలుచున్న ఆడమనిషి పక్కన, అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. కాళ్లు నొప్పి పుడుతున్నాయి. తనకు వచ్చిన కాస్త కన్నడంలో, "అమ్మా, ఎన్నాళ్ల నుంచి మింగుతున్నావు ఈ మాత్రలు?" అని మొదలుపెట్టింది.