రెండుసార్లూ అతనే

నా పచ్చ వెల్వెట్ గౌనుని నడుము దగ్గర రెండు వేళ్ళంత లోపలికి పట్టి కుడుతున్నాను. నాకోసం కాదు, ఎనికో కోసం. పంతొమ్మిదేళ్ళ పిల్ల. మంచు మీద నా భర్త గెర్గెయ్‌కి కొత్త జోడీ. "నువ్వైతే కుట్టు కనపడకుండా కుడతావు పిరీ, దర్జీకిస్తే తగలేస్తాడు," అన్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ. పొగిడాడు కదా అని మురిసిపోయాను. నాకు బుద్ధి లేదు. పదకొండేళ్ళు ఆ మనిషి చెయ్యి పట్టుకుని మంచు మీద నాట్యం చేశాను, అతని పొగడ్తలన్నీ చివరికి ఏదో ఒక చాకిరీ దగ్గరే తేలతాయని ఇంకా నేర్చుకోలేదు.

పోయిన వసంతంలో మోకాలికి ఆపరేషన్ అయింది. డాక్టరు నన్ను ఆర్నెల్లు ఆగమన్నాడు. గెర్గెయ్ మూడు వారాలు ఆగాడు. "ఈ ఒక్క సీజనే. జాతీయ పోటీలు అవగానే మళ్ళీ మనమే," అని ఎనికోని తెచ్చుకున్నాడు. ఆకులు రాలే వేళకి నా మోకాలు బాగైపోయింది. అయినా ఆ ఒక్క మాట పట్టుకుని వేలాడుతూ, అతని స్కేటింగ్ బూట్ల బ్లేడ్లకి పదును పెట్టించుకొచ్చాను, అతని చొక్కాలు ఇస్త్రీ చేశాను, అతని థర్మాసులో టీ పోశాను. అత్తగారు గసగసాల రొట్టె చుడుతూ, ముప్పయ్యేళ్ళ ఆడదానికి మంచు మీద ఏం పనమ్మాయ్, గెర్గెయ్‌కైతే ఇంకా వయసుంది, అంది. గెర్గెయ్ నాకంటే నాలుగు నెలలు పెద్ద.

ఎనికోకి అడుగులు నేర్పింది కూడా నేనే. అడుగులేమిటి నా మొహం, మొగుణ్ణే నేర్పాను. గెర్గెయ్ ప్రతి మలుపు దగ్గరా అర తాళం ముందుకి పోతాడు. ఇన్నేళ్ళూ ఏ న్యాయనిర్ణేతా అది కనిపెట్టలేదు, ఎందుకంటే నేనూ ఆ అర తాళం ముందుకే పోయేదాన్ని. నువ్వు ఆగావంటే తప్పు అతనిదని తెలిసిపోతుంది, నువ్వూ పోతే పాటే వెనకబడిందనుకుంటారు, అని చెప్పాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసి, "మరి ఆయనకే చెప్పొచ్చు కదా?" అంది. ఆ ప్రశ్న నాకు పదకొండేళ్ళుగా ఎందుకు తట్టలేదా అని ఇంటికి చేరేదాకా ట్రాములో ఏడుస్తూనే ఉన్నాను.

మా ఆటలో ఎక్కడైనా ఆడదాని పేరే ముందు పిలుస్తారు. పెళ్ళికి ముందు నా పేరు తర్వాతే అతనిది: సెంద్రెయి పిరోష్క, హల్మోష్ గెర్గెయ్. ఇంట్లో, ఆఫీసుల్లో, వాటా తలుపు మీది పేరుపలకలో దక్కనిది నాకు అక్కడ దక్కేది. పెళ్ళి రిజిస్టరు దగ్గర గుమాస్తా, ఇకనుంచి ఏ పేరు పెట్టుకుంటావని నన్నడిగితే అత్తగారు జవాబు చెప్పింది, మా ఇంటి ఆడవాళ్ళందరం మర్యాదగా సొంత పేరు వదిలి, భర్త పేరు చివర భార్య అని తెలిపే 'నే' చేర్చుకున్నవాళ్ళమేనని. నేను నవ్వుతూ సంతకం పెట్టేశాను. ఆ చలికాలం పోటీల్లో మైకులో పిలిచారు: "హల్మోష్ గెర్గెయ్‌నే, హల్మోష్ గెర్గెయ్." అతను నా చెవిలో, "చూశావా, రెండుసార్లూ నేనే," అన్నాడు. సరసమనుకుని దానికీ నవ్వాను. అంత నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చేదో నాకు.

జాతీయ పోటీల రోజు అత్తగారి పక్కన ప్రేక్షకుల్లో కూర్చున్నాను. వాళ్ళ వంతొచ్చింది. "హల్మోష్ గెర్గెయ్‌నే, హల్మోష్ గెర్గెయ్," అంది మైకు. నా మోకాళ్ళు వాటంతటవే లేచాయి. కోటు గుండీ కూడా ఒకటి విప్పేశాను. అత్తగారు నా కోటు అంచు పట్టి లాగింది.

"కూర్చో అమ్మాయ్. వెనకాలవాళ్ళకి కనపడొద్దూ?"

నా గౌనులో ఎనికో మంచు మీదికి వచ్చింది. అంత జనంలో తప్పు పిలిచారని ఒక్కరూ అనలేదు. అత్తగారు చప్పట్లు కొడుతోంది. మొదటి మలుపు దగ్గర అతను అర తాళం ముందుకి పోయాడు, ఆ పిల్లా పోయింది. ఎంత చక్కగా నేర్పానో అప్పుడు తెలిసింది.

గెలిచారు. గెర్గెయ్ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు. ప్రపంచ పోటీలకి ఈ జోడీనే పంపుతారట, ఇప్పుడు మార్చడం పిచ్చితనమట, నా మోకాలికి కూడా విశ్రాంతి మంచిదట. తర్వాత గుర్తొచ్చినట్టు, "అన్నట్టు పిరీ, పోయినేటి ఫారం చూసి పేరు రాసేశారు. కాస్త వెళ్ళి సరిచేయించు, పతకం కాగితం మీదా అదే పడుతుంది," అన్నాడు.

వెళ్ళాను. అలవాటు ఎక్కడికి పోతుంది. బల్ల దగ్గర గుమాస్తా, పెద్దావిడ, కళ్ళజోడు పైకి తోసుకుని జాబితా తీసింది.

"పొరపాటైపోయింది, హల్మోష్ గెర్గెయ్‌నే గారూ. ఇది కొట్టేసి ఆ అమ్మాయి పేరు రాస్తాను."

"కొట్టెయ్యకండి. ఆ పేరు ఎవరికైనా సరిపోతుంది. నేనే అందులోంచి వెళ్ళిపోతున్నాను."

ఆవిడకి అర్థమైందో లేదో. కలం మూత పెట్టేసి, "అయితే మీ పేరేమిటమ్మా?" అని మెల్లిగా అడిగింది.

చెప్పాలని నోరు తెరిచాను. ముందు 'హల్మోష్' అనే వచ్చింది.