మూడో పిలుపు

సంజవేళ మా అమ్మను ఒక్కసారి పిలిస్తే పలకదు. రెండోసారీ పలకదు. మూడోసారి పిలిచాకే "ఏటే?" అంటుంది. చచ్చినవాళ్ళు రెండుసార్లకు మించి పిలవలేరట, మూడో పిలుపు మాత్రం మనిషిదేనట. కౌలా సెలంగోర్ రబ్బరు ఎస్టేట్‌లో మా అమ్మమ్మ అచ్చమ్మ నేర్పిన జాగ్రత్త అది. చిన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయేది. ఎందుకంటే ఆ ఇంటివాళ్ళు పిలిస్తే మాత్రం, సంజైనా సరే, అమ్మ మొదటి పిలుపుకే పరుగెత్తేది.

ఆ ఇల్లు పోర్ట్ క్లాంగ్‌లో ఓడలకు సరుకులు అందించే ఒక చైనీస్ కుటుంబానిది. నాన్న పోయాక అమ్మ నన్ను చంకనేసుకుని అక్కడ వంటకు కుదిరింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసింది. నేను వంటింటి వెనక గదిలోనే పెరిగాను. నాగవల్లి అన్న పేరు నోరు తిరగక ఇంటి పెద్దామె అమ్మను "ఆ లీ" చేసేసింది. నన్ను చైనీస్ బడిలో వేయించిందీ ఆవిడే. ఈరోజు కౌలాలంపూర్‌లో నేను చేస్తున్న ఉద్యోగం ఆ చదువు పెట్టిన భిక్షే. అందుకే ఆవిడను మనసారా తిట్టుకోలేను, మనసారా మెచ్చుకోనూ లేను.

నేను ఆ ఇంటికి వెళ్ళిన రోజుకు పెద్దామె పోయి నలభై తొమ్మిది రోజులు. మనకు పెద్దకర్మ ఎలాగో వాళ్ళకు నలభై తొమ్మిదో రోజు అలాగ. కాగితంతో ఇల్లూ కారూ పనివాళ్ళూ చేయించి కాలుస్తారు, అవన్నీ పోయినవాళ్ళకు చేరతాయని. అది ముగిస్తే అమ్మ సంచీ సర్దుకుని బ్రిక్‌ఫీల్డ్స్‌లో నా ఫ్లాట్‌కు వచ్చేస్తుంది. ఆమెను తీసుకెళ్ళడానికే సెలవు పెట్టుకుని వచ్చాను.

వాకిట్లో కాగితం మేడ నిలబెట్టి ఉంది. బాల్కనీ, ఏసీ పెట్టె, గేటు, అన్నీ పెట్టారు. గేటు ముందు పనివాళ్ళ బొమ్మలు, ఒక చైనీస్ కుర్రాడు, ఒక చైనీస్ అమ్మాయి. వాళ్ళ పక్కనున్న మూడో బొమ్మను చూసి ఆగిపోయాను.

గోధుమరంగు కాగితం మొహం. ఊదారంగు చీర, నుదుట ఎర్రబొట్టు, నల్లకాగితం జడ. చేసినవాడు ఎవడో గానీ అమ్మ ఎడమచేతికి ఉండే రెండు గాజులు కూడా మరిచిపోలేదు. గుండెమీద ఎర్రచీటీ అంటించి ఉంది, దానిమీద కుంచెతో రాసిన రెండక్షరాలు. చదివాను. ఆ లీ అని ఉంది.

అలాంటి బొమ్మలకు పేరు పెట్టకుండా కాల్చరు. పెద్దకొడుకు ఒక్కొక్కరినీ పేరుతో పిలిచి, వెళ్ళి మా అమ్మకు సేవ చెయ్యమని అప్పగిస్తాడు. ఆ పేరుగలవాళ్ళు వెళ్ళితీరాలి. అందుకే ఎవరికీ లేని పేరు చూసి పెడతారు, బతికున్నవాళ్ళ పేరు ఎవరూ పెట్టరు. ఇవన్నీ నాకు ఆ వాకిట్లోనే చిన్నప్పుడు పెద్దామె చెప్పింది.

పెద్దకొడుకు బూన్ కియాట్‌కు అరవై దాటాయి. నేరుగా ఆయన ముందుకు వెళ్ళి నిలబడ్డాను.

"దానిమీద మా అమ్మ పేరు ఎందుకుంది అంకుల్?"

"మా అమ్మ చివరి వారమంతా అదే అడిగింది మేనకా. అక్కడ తనకు గంజి ఎవరు కాస్తారని. ఆ లీ చేతిది తప్ప ముట్టేది కాదు, నీకూ తెలుసు. గౌరవంగానే చేయించాను."

"అంత గౌరవమైతే మీ పేరు రాయించుకోకపోయారా?"

అనేశాను. మా గొంతులు విని పూజ చేయించే ముసలాయన వచ్చాడు. చీటీ చదివి, ఈ పేరుగల మనిషి బతికే ఉందా అని అడిగాడు. వంటింట్లో ఉందని చెప్పాను. ఆయన ఇంకొక్క మాట మాట్లాడకుండా చీటీ పీకేసి, కొత్తదానిమీద "చున్ లాన్" అని రాసి అంటించాడు. పాత చీటీని నేను ముక్కముక్కలు చేసి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నాను.

వంటింట్లో అమ్మ నైవేద్యానికి గంజి కలుపుతోంది. జరిగింది చెప్పాను.

"కాయితం బొమ్మకి ఇంత గోలేటే," అని నవ్వింది. "పెద్దామె నన్నూ అడిగినాది. ఆ లీ, నాతో వస్తావా అని."

"నువ్వేటన్నావు?"

"పోయే మనిసికి రానంటావేటి? నవ్వి ఊరుకున్నాను."

"ఈ పూట ఎవులు పిలిసినా పలక్కమ్మా. నీకు దండం పెడతాను."

"నీకు నేర్పినాను నేను. నాకే సెప్తన్నావా?" అంది గరిటె ఝాడిస్తూ.

ఆరు దాటాక మొదలుపెట్టారు. దారినపోయే దయ్యాలు వాటిని ఎత్తుకుపోకుండా ఇంటిల్లిపాదీ ఎర్రతాడు పట్టుకుని మేడ చుట్టూ నిలబడ్డారు. ముసలాయన గంట వాయిస్తూ బొమ్మల కాళ్ళకు నిప్పంటించాడు. బూన్ కియాట్ ముందు కుర్రాడి బొమ్మను పేరుతో పిలిచాడు, ఆ తర్వాత అమ్మాయిని. మూడో బొమ్మ వైపు తిరిగాడు. చీరను చూశాడు, బొట్టును చూశాడు. ఆయన కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నాయి. చున్ లాన్ అన్న పేరు ఆయన నోటికి రాలేదు.

"ఆ లీ!"

అచ్చం వాళ్ళమ్మ పిలిచినట్టే పిలిచాడు.

"లయ్ లియావ్!" అని వంటింట్లోంచి అమ్మ గొంతు. వస్తున్నా అని. పెద్దామెకు ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇచ్చిన జవాబే అది. గరిటె పట్టుకుని పరుగున వచ్చేసింది. నేను చెయ్యి చాపేలోపే వంగి, తాడు కిందనుంచి దూరి, మంట ముందుకెళ్ళి నిలబడింది.

గంట ఆగిపోయింది. బొమ్మ చీర అంచునుంచి అంటుకుని నడుం దాకా మండింది, ఆ తర్వాత మొహం కూడా పోయింది. అమ్మ చేతిలో గరిటెను చూసుకుంది.

"అలవాటే," అంది మెల్లగా.

బూన్ కియాట్ నెత్తి పట్టుకుని కూలబడ్డాడు. ముసలాయన కీడు సోకకుండా అమ్మ చేతిలో ఎర్రదారం, ఒక పంచదార బిళ్ళ పెట్టాడు గానీ ఆమె మొహం చూడలేదు. నాకు ఎవరిమీదా కోపం రాలేదు. భయం వేసింది, అంతే. అమ్మ సంచీ భుజానికి తగిలించుకుని ఆమెను స్టేషన్‌కు నడిపించాను.

రైల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. క్లాంగ్ దాటాక చెప్పులు విడిచి పాదాలు రుద్దుకుంది.

"కాళ్ళు మండతన్నాయే మేనకా."

"రోజంతా నిలబడినావు కదమ్మా. ఇంటికెళ్ళి నూనె రాస్తాను."

"గంజి పొయ్యి మీదే ఒగ్గేసినాను," అంది. ఆ తర్వాత తల కిటికీకి ఆనించి కళ్ళు మూసుకుంది. ఎర్రదారం ఒళ్ళోంచి జారి కిందపడింది. తీసి మళ్ళీ ఆమె గుప్పిట్లో పెట్టాను. వేళ్ళు దాన్ని పట్టుకోలేదు.

మేం దిగాల్సిన కేఎల్ సెంట్రల్ వచ్చేస్తోందని చెప్పారు. జనం లేచి తలుపుల వైపు నడుస్తున్నారు.

"అమ్మా," అన్నాను.

పలకలేదు. అది మామూలే కదా అనుకున్నాను.

"అమ్మా!"

రైలు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. ఇంకొక్కసారి పిలిస్తే చాలు, మా అమ్మ ఎప్పుడూ మూడోసారికి పలుకుతుంది. నాకు నోరు రాలేదు.