పిట్ట ముట్టని బువ్వ

పంపు నీళ్లు పట్టి, వంట కానిచ్చి, బొంబాయి కామాటిపురాలో తాముండే చాళ్ మిద్దె మీద విస్తరి పెట్టి మల్లవ్వ పిట్టకోసం కూర్చునేది. మొగుడు గంగారాం పోయిన మూడోనాటి నుంచీ ఇదే పని. పిట్ట రాక కాదు. ముక్కుకు గ్రీసున్న కాకి ఒకటి వచ్చి, విస్తరి చుట్టూ తిరిగి, మెతుకు ముట్టకుండా సందులోని ఆయన రిపేరు షెడ్డు మీదికి ఎగిరిపోయేది. అది గంగారామేనని ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. చాయ్‌వాడు ఆయన వంతు చాయ్ మూతలో పోసి, షెడ్డులో ఆగిపోయిన జీపు బానెట్ మీద పెట్టేవాడు, అంతే.

అసలు అట్లాంటి మిస్త్రీ మళ్లీ పుడతాడా! ఆయన జాకీ ఎత్తితే బొంబాయి ఓ పక్కకు ఒరిగి, సముద్రం వర్లి మెట్లెక్కేది. బేరింగుకు చెవి పెడితే అది పుట్టిన కొలిమి నుంచీ కథంతా కక్కేది. అంతటివాడు అదే సందులో ఉండే నరేష్ జీపు ముందు ఇరుసు విప్పి, సామానంతా గుడ్డ మీద వరుసగా పేర్చి, ఛాతీ పట్టుకొని దాని పక్కనే ఒరిగాడు.

పని మల్లవ్వ తమ్ముడు శివరాం నెత్తిన పడింది. టాక్సీలకు అలవాటైన చెయ్యి, నాలుగు చక్రాలూ లాగే బండి కొత్త. బేరింగులు కడిగి గ్రీసు పెట్టాడు. హబ్బు ఎక్కించాడు. లోపలి నట్టు బిగించి, కాస్త వదిలి, దాని మీద రెండో నట్టు బిగించాడు. జాకీ మీద చక్రం హాయిగా తిరిగింది. సందు చివరిదాకా పోయి వచ్చేసరికి పాలపన్నులా ఊగింది. బేరింగులు మార్చినా, స్టీరింగు కీళ్లు చూసినా అదే ఊగుడు. కాకి దిగివచ్చి రెండు నట్ల నడుమ టకటకా పొడిచేది.

"నోరుంటే చెప్పు బావా, లేకుంటే జర జరుగు," అనేవాడు శివరాం.

ఆ నడుమ చెవులున్న పలుచటి వాషరు ఉండాలి. చెవులు మడిస్తేనే నట్లు కదలకుండా ఆగేది. అది మల్లవ్వ కొంగుముడిలో ఉంది. ఆయన చేయి చివరిసారి తాకిందని శవం లేచిన నాడే గుడ్డ మీంచి తీసి దాచుకుంది. తర్వాత ఇవ్వబుద్ధి కాలేదు. బండి కుదిరితే పిట్ట బువ్వ ముడుతుంది. ముడితే ఇక రాదు.

ఒకనాడు నరేష్ పెండ్లాం స్వప్న నిండు కడుపుతో మెట్లెక్కి వచ్చింది.

"పెద్దమ్మా, రేపు ఊరికి పోతున్నం, కాన్పుకు. చక్రం ఊగినా మెల్లగ పోవచ్చంటుండు మా ఆయన."

దారిలోని ఖండాలా ఘాట్, దాని కొండ మలుపులు మల్లవ్వ కళ్ల ముందు తిరిగాయి. గోడ మీద కాకి విస్తరి వంక చూడడం లేదు, ఆమె కొంగు వంక చూస్తోంది. బతికున్నప్పుడూ ఆయన ఏదీ నోరు తెరిచి అడిగేవాడు కాదు.

ఆమె షెడ్డుకు దిగి ముడి విప్పింది.

"ఎక్కడ దొరికిందే అక్కా?"

"నాతోనే ఉండె. నడుమల వెయ్యి."

శివరాం స్పానరు అందుకున్నాడు. వాషరు వేసి, చెవులు మడిచి, దాదర్ దాకా పోయి వచ్చాడు. బానెట్ మీది చాయ్ ఒక్క చుక్క తొణకలేదు.

తెల్లారి జీపు వెళ్లింది. విస్తరి పెట్టినా కాకి దిగలేదు, గోడ మీదే కూర్చుంది. మధ్యాహ్నం నరేష్ ఫోన్ చేశాడు. ఘాట్‌లో లారీ మీదికొస్తే స్టీరింగు ఒక్కసారిగా తిప్పాడట, చక్రం ఊగకుండా నిలబడిందట, స్వప్న బాగుందట.

అప్పుడు దిగింది కాకి. జొన్నరొట్టె, బోటికూర, అన్నం, అన్నీ తిన్నది. ముక్కు గోడకు తుడుచుకొని సముద్రం వైపు ఎగిరిపోయింది.

పిట్ట ముట్టినాక ఇంటివాళ్లు తినాలి. మల్లవ్వ గోడ మీది గ్రీసు మరకను వేళ్లతో తాకి, ఆ చేత్తోనే ముద్ద కలుపుకుంది.